కారం లేని ఎరుపు

చెంచయ్య వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసి, "అయిపోయిందక్కా. ఇక మీ నగ్మా నిశ్చింతగా కూర్చుని కారం పట్టుకోవచ్చు" అన్నాడు.

మౌలాబీ నమ్మితేగా! మిల్లు మీద రెండు క్వింటాళ్ల మిరపకాయలు పట్టే స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి. దాన్ని మోసేవి నాలుగు ఇనప కాళ్లు. మొన్న ఒక కాలి అతుకు ఊడి తొట్టి ఒరిగింది. కూతురు పొద్దస్తమానం కూర్చునేది సరిగ్గా దాని కిందే.

"స్టీలుకీ ఇనుముకీ మామూలు వెల్డింగు రాడ్డు పనికిరాదంటగా. ఏది వేశావు?"

"మూడొందల తొమ్మిదో నంబరు. ఆ రెంటినీ కలిపేది అదే."

మౌలాబీ కొంగుముడి విప్పి బీరువా తలుపు అయస్కాంతం తీసింది. మంచి స్టీలుకు అంటదని ఎవరో చెప్పారు. తొట్టికి పెడితే జారిపోయింది. అతుకుకు పెడితే మెల్లగా పట్టుకుంది.

"చూశావా! మామూలు రాడ్డే. నా బిడ్డ నెత్తిన పడితే ఎవడు దిక్కు?"

"ఆ రాడ్డుతో వేసిన అతుకు అయస్కాంతాన్ని కాస్త లాగుద్దక్కా. దాని గుణం అంతే."

"అన్నీ గుణాలే నీకు!"

"ఊరుకోమ్మా. ఫ్యాను కింద కూడా పడుకోనివ్వవు నన్ను" అని తన స్టూలు మీద నుంచే నవ్వింది నగ్మా.

చెంచయ్యకు రోషం వచ్చింది. సంచిలోంచి రెండు డబ్బాలు తీశాడు. "ఫ్యాక్టరీలో ఇట్లాగే చూసేవాళ్లం. ఎర్ర మందు కొట్టి, కాసేపాగి తుడిచి, పైన తెల్ల మందు కొడతా. పగులుంటే లోపల ఇంకిన ఎరుపు బయటపడుద్ది. లేకపోతే టీ తాగించాలి మీరు."

పది నిమిషాలాగి తుడిచాడు. తెల్ల మందు కొట్టాడు. అతుకు సున్నమేసిన గోడలా తెల్లబడింది. చూస్తుండగానే దాని చివర వెంట్రుకంత ఎర్ర గీత లేచింది.

"కారంలే అక్కా. మిల్లులో ఎక్కడ చూసినా అదే కదా."

మౌలాబీ గీతను వేలితో తుడిచి నాలుక కొసకు తగిలించుకుంది. కిరసనాయిలు కంపు. తుపుక్కున ఉమ్మేసింది.

"కారం లేదు."

చెంచయ్య ఆ చోట మళ్లీ తెల్ల మందు కొట్టాడు. గీత మళ్లీ వచ్చింది. అతని మొహంలో నవ్వు పోయింది.

"రాడ్డు మంచిదే అక్కా, ఒట్టు. అతుకు చివర గుంట నింపకుండానే రాడ్డు ఎత్తేశా. నా తొందర" అంటూ, అక్కడ అరగదీసి మళ్లీ అతకడానికి గ్రైండర్ అందుకున్నాడు.

"నగ్మా, ఇవతలికి రా."

ఈసారి నగ్మా స్టూలు కూడా ఎత్తుకుని ఇవతలికి వచ్చింది.

"టీ తాగిస్తాలే గానీ," అంది మౌలాబీ, ఎర్ర మందు డబ్బా తీసి చెవి దగ్గర ఊపి చూస్తూ, "మిగతా మూడు కాళ్లకీ ఇది సరిపోద్దా?"