పల్చబడిన పాకం

సరుకులో నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని నా ధీమా. ఆ ధీమాతోనే ఆ రోజు పాకం మేస్త్రీ మీద నోరు పారేసుకున్నాను.

చెర్రీపళ్లను చక్కెరపాకంలో ఊరబెట్టి కేకుల దుకాణాలకు వేయడం మా వ్యాపారం. మొదట పల్చటి పాకం పోసి, రోజుకింత చిక్కబరుస్తూ ఏడు రోజులు ఊరబెట్టడం మేస్త్రీ పద్ధతి. ఏడు రోజులు దండగని ఈసారి మొదటిరోజే చిక్కటి పాకం పోయించాను. మర్నాడు పీపా తెరిస్తే పళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. పాకం నీళ్లలా జారుతోంది.

"చక్కెర ఇంటికి పట్టుకెళ్లి ఇందులో నీళ్లు కలిపావా?" అని పదిమంది ముందు అడిగేశాను.

మేస్త్రీ మొహం మాడిపోయింది. "మీ నాన్నగారి రోజుల నుంచీ ఉన్నాను బాబూ. ఈ మాట పడ్డాక ఇక ఉండను" అని చేతులు కడుక్కున్నాడు.

కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మా అమ్మాయి అడ్డం వచ్చింది. "ఒక్కరోజు ఆగు తాతా. నాన్నా, మనుషుల్ని నమ్మకపోతే పోనీ, కాటానైనా నమ్ముతావుగా?"

పది కిలోల పళ్లు, పది కిలోల చిక్కటి పాకం తూచి కొత్త పీపాలో పోసింది. తాళం నేనే వేసి, చెవి జేబులో వేసుకున్నాను.

మర్నాడు అందరి ఎదుటా వడకట్టి తూచాం. పళ్లు ఆరున్నర కిలోలు. పాకం పదమూడున్నరకి పిసరు తక్కువ. గరిటెకి అంటుకున్నది కలుపుకుంటే ఇరవైకి ఇరవై.

"తాళంచెవి నీ దగ్గరే ఉంది. నీళ్లెక్కడివి నాన్నా?"

జేబు తడుముకున్నాను; తాళంచెవి అక్కడే ఉంది. జవాబు తనే చెప్పింది.

"పళ్లలోవే. పండు నీళ్లను సులువుగా వదులుతుంది, చక్కెరను మాత్రం అంత సులువుగా లోపలికి రానివ్వదు. బయటి పాకం పండులోని రసం కన్నా చిక్కన, అందుకే నీళ్లు పాకంలోకి పోతాయి. వాటిని ఆపాలంటే పాకం వైపు నుంచి ఎంత నొక్కిపట్టాలో, అదే ద్రవాభిసరణ పీడనం. పాకం చిక్కనయ్యేకొద్దీ అదీ పెరుగుతుంది. తాత మెల్లగా చిక్కబరిస్తే, పండు ముడుచుకునేలోపు చక్కెర కూడా లోపలికి చేరుతుంది."

"ఆ పేరేదో నాకు తెలీదు తల్లీ," అన్నాడు మేస్త్రీ తలెత్తి, "తొందరపెడితే పండు అలుగుతుందని మాత్రం తెలుసు."

పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. చేతులు జోడించాను. "తప్పు నాది మేస్త్రీ. ఈ పని నీ పద్ధతిలోనే జరగాలి."

"అయితే పల్చటి పాకం పెట్టించండి," అంటూ ఆయన చొక్కా చేతులు మడిచాడు. మా అమ్మాయి కాటా పట్టుకుని పక్కన నిలబడింది. ఇలాంటివాళ్లు ఇద్దరు నా దగ్గరున్నారని చెప్పుకోవడానికే ఆ పూట మూడు దుకాణాలకు ఫోన్ చేశాను.