అన్నింటి పేరూ బటనే

భోజనాల బల్ల తుడవడం పూర్తి కాకముందే మరిది తన లాప్‌టాప్ తెచ్చి, తడి ఆరని చోటే పెట్టాడు. ఆ రోజు వదినకు ఒకరిని ఒక మాట అనే ఓపిక కూడా మిగల్లేదు. ప్రోగ్రాములు రాసేవారు రోజంతా వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె పనిచేసే సంస్థలో తయారవుతుంది; అక్కడివారు దానిని కార్ఖానా అని పిలుచుకుంటారు. దాని కొత్త రూపాన్ని పరీక్ష కోసం బయటివారి చేతికిచ్చే బీటా విడుదల మర్నాడే. ఆ విడుదల బాధ్యత ఆమెది. అనుమతి తీసుకుని, ఒక ప్రతిని ముందుగా ఇంటికి తెచ్చింది.

మరిదికి పుట్టుకతో చూపు లేదు. తెర మీద ఉన్నదానిని పైకి చదివే గొంతు ఒకటి అతని యంత్రంలో ఉంటుంది. ఇతరులకు ఒక్క ముక్క అందనంత వేగంగా అది చదువుతుంది. దాని సాయంతోనే అతడు ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రాసి జీతం తెచ్చుకుంటున్నాడు. పాత కార్ఖానాలో అతని వేళ్లకు తెలియని మూల లేదు.

కొత్తదాన్ని తెరిచి, కాసేపు మీటలు నొక్కి, అతడు గొంతు వేగం తగ్గించాడు.

"బటన్," అంది గొంతు. "బటన్. బటన్. బటన్."

"చెడిపోయిందా అది?" అంది వదిన.

"దీని గొంతు బాగానే ఉంది. మీ వాళ్లే అన్నిటికీ ఒకటే పేరు పెట్టారు. పదిమంది ఉన్న ఇంట్లో అందర్నీ 'మనిషీ' అని పిలిస్తే ఎవరు పలకాలి వదినా?"

"సరిచేసేదాకా పాతది వాడుకో."

"వాడుకోనిస్తేగా. మా ప్రాజెక్టుని ఎవరో ఒకరు దీంట్లో తెరిచారనుకోండి, అదంతా కొత్త పద్ధతిలోకి మారిపోతుంది. మళ్లీ పాతదాంట్లో తెరుచుకోదు. మా టీమ్ లీడ్ సంగతి తెలుసుగా మీకు. కొత్తదంటే ఆయనకి కాలు నిలవదు."

ఆ మార్పిడి సంగతి వదినకు తెలుసు. అడగకుండా మార్చివేయడమే వాడేవారికి సౌకర్యమని నిర్ణయించిన సమావేశంలో ఆమె కూడా తల ఊపింది. ఊపినప్పుడు, ఇప్పుడు ఎదురుగా కూర్చున్న ఈ మనిషి గుర్తుకు రాలేదు.

"రేపు అడుగుతాను," అంది.

"అడగండి. లేకపోతే నా ఉద్యోగం నన్ను సెలవు అడుగుతుంది."

మర్నాడు ఉదయం వదిన ఆఫీసు సమావేశపు గదిలో, పరీక్షల ఫలితాలు చూపే గోడ మీది పట్టిక ఆసాంతం పచ్చగా వెలుగుతోంది. పక్క బల్ల మీద కేకు సిద్ధంగా ఉంది. పరీక్షలన్నీ నెగ్గించే బాధ్యత ఉన్న ఇంజనీరును అందరూ పచ్చదీపం అంటారు. అతని చేతిలో పడిన పట్టికలో ఎరుపు నిలవదు. చూపులేనివారికి పనికివచ్చే తీరును చూసే పరీక్ష కూడా పచ్చగానే ఉంది.

"ఇది ఎలా నెగ్గింది?" అని వదిన అడిగింది.

పచ్చదీపం దాచలేదు. "ప్రతి బటన్‌కీ పేరుందా లేదా అన్నదొక్కటే ఆ పరీక్ష చూస్తుంది మేడం. ఏం పేరో చూడదు. టైం లేదు. అన్నిటికీ ఒకేసారి 'బటన్' అని పెట్టేశాను."

"నువ్వు పెట్టినప్పుడు ఒక్కసారైనా విన్నావా?"

"వినడానికి నా దగ్గర హెడ్‌ఫోన్లు కూడా లేవు మేడం."

ఇద్దరు నవ్వారు. మేనేజరు నవ్వలేదు; అతడికి కేకు కోసే వేళ దాటిపోతోంది.

"ఎంతమందుంటారండీ అలాంటివాళ్లు? బీటానే కదా. తర్వాతి విడుదలలో చూద్దాం."

"పేర్లు తర్వాత చూద్దురుగాని. మార్చేముందు ఒక్క మాట అడిగేలా చేయండి. వద్దనుకున్నవాళ్లు పాతదాంట్లోనే ఉంటారు."

"అడిగితే అందరూ వద్దనే అంటారు. అప్పుడు కొత్తదాన్ని ఎవరు వాడతారు?"

"అంటే వాళ్లకి అక్కర్లేదని మీకు తెలుసన్నమాట."

మేనేజరు చేతిలో కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. విడుదలకు ఆమె ఆమోదం కావాలి. ఆమె ఇవ్వనంది. ఆమె ఇవ్వని పక్షంలో మేనేజరు తన పేరు మీద ఇవ్వవచ్చునని నియమం ఉంది; అతడు ఇచ్చాడు. పచ్చదీపం ఒక కేకు ముక్క కాగితంలో పెట్టి ఆమె బల్ల మీద ఉంచి వెళ్లాడు. సాయంత్రానికి దాని క్రీము కాగితానికి అంటుకుపోయింది. ఆమె దాన్ని అలాగే చెత్తబుట్టలో వేసి, మెట్లు దిగి వచ్చేసింది. లిఫ్టు కోసం నిలబడితే నలుగురితో మాట్లాడవలసి వస్తుంది.

మరిది ఆఫీసులో లీడ్ వారం తిరగకుండానే ప్రాజెక్టును కొత్త కార్ఖానాలో తెరిచాడు. మరిది పని అక్కడితో నిలిచిపోయింది. అతణ్ణి ఫోన్లు తీసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తుది విడుదల నాటికి కూడా ఇలాగే ఉంటే ఆ బల్లే ఖాయమని లీడ్ మెత్తగా చెప్పాడు.

"బాగా చూసుకుంటున్నారు," అన్నాడు మరిది ఇంట్లో, చెప్పులు విప్పుతూ. "మంచి కుర్చీ ఇచ్చారు. ఇవాళ ఒకాయన పాస్‌వర్డ్ మర్చిపోయి నన్ను తిట్టాడు. ప్రోగ్రాం రాస్తే ఇంత మర్యాద ఎక్కడిది?"

"నేను మళ్లీ మాట్లాడతాను."

"గోడతో ఎన్నిసార్లు మాట్లాడతారు? మీరు కూర్చోండి. నేనే ఏదో చేసుకుంటాను."

అతడు చేసుకున్నది మూడో రోజున ఆఫీసులో ఆమె తెర మీదికి వచ్చింది. బీటా వాడేవారు తమకు ఎదురైన లోపాలను సంస్థ వెబ్‌సైటులో నమోదు చేయవచ్చు. ఒక ఫిర్యాదులో ఒక్క లోపమే రాయాలని అక్కడ స్పష్టంగా ఉంది. మరిది ఆ సూచనను అక్షరాలా పాటించాడు. బటన్‌కు ఒకటి చొప్పున రాసుకుంటూ పోయాడు. "పై వరుసలో ఎడమ నుంచి నాలుగోది నొక్కాను. నా ఫైలు మూసుకుపోయింది. ఈ బటన్ పేరేమిటి?" అని ఒకటి. "దాని పక్కది నొక్కాను. పొద్దుటి నుంచి రాసినదంతా అడగకుండా చెరిపేసింది. దీని పేరు చెప్పగలరా?" అని మరొకటి. ప్రతి ఫిర్యాదు చివరా "దయచేసి" అనే మాట మరిచిపోలేదు.

బయటినుంచి వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక మనిషి జవాబు రాయాలని, ఒక్కటి మిగిలినా తుది విడుదల జరగదని సంస్థ నియమం. జవాబు రాయవలసిన మనిషి వదిన. జవాబు లేని ఫిర్యాదులను కూడా ఎరుపుగా చూపే గోడ మీది పట్టిక మధ్యాహ్నానికి పండు మిరపకాయ రంగుకు తిరిగింది. పచ్చదీపం దాని ముందు నిలబడి, తన ఇల్లు తగలబడుతుంటే చూస్తున్నట్టు చూశాడు.

మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇవన్నీ మీ ఇంటి నుంచే కదండీ వస్తున్నాయి?"

"అవును."

"ఇంట్లో ఒక్క మాట చెప్పి ఆపించలేరా?"

"ఇంట్లో నేను అతనికి వదినని. ఇక్కడ ఫిర్యాదులు చూసేదాన్ని. అక్కడి చనువు ఇక్కడ, ఇక్కడి పెత్తనం అక్కడ నేను వాడను."

"పోనీ, అన్నీ ఒకటే ఫిర్యాదని రాసి మూసేయండి."

"ఒకటే ఎలా అవుతాయి? ఒకటి ఫైలు మూస్తోంది, ఒకటి చెరిపేస్తోంది. వేరువేరు పనులు చేసేవాటికి ఒకే పేరు పెట్టింది మనం. అతను విడివిడిగా అడిగాడు. విడివిడిగా జవాబు చెప్పాలి."

"మీరు కావాలనే చేస్తున్నారు."

"నియమం చేసింది మీరు. చదివింది అతను. నేను చేస్తున్నది ఉద్యోగం."

మేనేజరు ముఖంలో కోపం కంటే అలసటే ఎక్కువగా కనిపించింది. తుది విడుదల తేదీని అతడు పైవారికి ఇప్పటికే చెప్పేసి ఉన్నాడు. "పెట్టించండి పేర్లు," అన్నాడు చివరకు. "మార్చేముందు అడగడం కూడా పెట్టించండి. పాతదాంట్లోకి తిరిగి వెళ్లే దారి కూడా. ఇంకేమైనా ఉందా?"

"ఇప్పటికి లేదు."

పేర్లు పెట్టడానికి ఆమె, పచ్చదీపం ఒక బల్లకు చేరి కూర్చున్నారు. ఆమె అతనికి హెడ్‌ఫోన్లు తెప్పించి ఇచ్చింది. మొదటిరోజు సాయంత్రం అతడు వాటిని తీసి, చెవులు రుద్దుకుంటూ, "తల వాచిపోయింది మేడం. మీ మరిదిగారు రోజంతా ఎలా వింటారు?" అన్నాడు. ఆమె తర్వాతి బటన్ తెరిచింది. ఆమె కళ్లు మండుతున్నాయి. ఇంకా సగం కూడా కాలేదు.

రెండో బీటా సిద్ధమైనప్పుడు, అందులో ఏమి మారిందో చెప్పే పత్రాన్ని మేనేజరు రాసి పంపాడు. "కొన్ని చిన్న మెరుగుదలలు" అని ఉంది. ఆమె ఆ వాక్యం కొట్టివేసి, "మొదటి బీటాలో బటన్‌లకు సరైన పేర్లు పెట్టకుండా విడుదల చేశాం. అందువల్ల చూపులేనివారి పని ఆగిపోయింది. ఇప్పుడు పేర్లు పెట్టాం" అని రాసింది.

"ఎవరైనా తమ గురించి ఇలా రాసుకుంటారా?" అన్నాడు మేనేజరు.

"తప్పు చేసినవాళ్లు రాసుకుంటారు. ఈసారి నా ఆమోదం కావాలంటే ఈ వాక్యం ఉండాలి. లేదంటే మళ్లీ మీ పేరు మీద ఇచ్చుకోండి."

ఈసారి అతడు తన పేరు మీద ఇచ్చుకోలేదు.

రెండో బీటా బయటికి వెళ్లిన మర్నాడు మరిది ఆఫీసులో లీడ్ అతణ్ణి పిలిచి, ప్రాజెక్టు తెరిచి చూడమన్నాడు. గొంతు వరుసగా చదివింది: తెరువు, భద్రపరచు, వెతుకు, నడుపు. మధ్యాహ్నానికల్లా ఫోన్ల బల్లకు వేరొకరు వచ్చారు. పోయిన రోజుల గురించి లీడ్ ఏమీ అనలేదు. మరిది అడగలేదు, అడిగే తీరిక లేనంతగా పని పేరుకుపోయి ఉంది.

సాయంత్రం వదిన చేతిసంచి కుర్చీకి తగిలించి, దీపం కూడా వేయకుండా కూర్చుంది. మరిది గోడ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నా పని నాకిచ్చేశారు," అన్నాడు.

"మంచిది." ఆమె కళ్లు మూసుకుంది.

"చాలా బాగా పెట్టారు పేర్లు. ఒక్కటే తప్పుంది. 'రద్దు' అన్నదాన్ని నొక్కితే రద్దవడం లేదు, 'సరే' నొక్కినట్టు పని అయిపోతోంది."

"రేపు చూస్తాను. ఇవాళ నా వల్ల కాదు."

"రేపే చూడండి. ఫిర్యాదు మాత్రం పెట్టేశాను."

ఆమె కళ్లు తెరిచి అతని వైపు చూసింది. అతడు ముఖం ఇటే తిప్పి, ఆమె ఏమంటుందోనని వేచి ఉన్నాడు. ఆమె సంచిలోంచి తన లాప్‌టాప్ తీసి, బల్ల మీద తెరిచి, "చెప్పు, ఏ వరుసలో?" అంది.