నీళ్ళు దిగిన ఊళ్ళో పాట

నేను ఒక పెళ్ళిళ్ళ కెమెరాను. ఏ దేశంలో ఎవరి చేతులు నన్ను బిగించాయో గుర్తు లేదు. నాకు తెలివి వచ్చేసరికి సిరిసిల్లలో ఫోటో స్టూడియో నడిపే లింబాద్రి భుజం మీద ఉన్నాను. పదకొండేళ్ళు అక్కడే గడిపాను. నేను తమవైపు తిరిగితే చాలు, మనుషులు నమలడం ఆపేసేవారు, పొట్టలు లోపలికి పీల్చుకునేవారు. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురికి ఏడుపు రాకపోతే లింబాద్రి "ఇంకొక్కసారి అమ్మను పట్టుకో బిడ్డా" అనేవాడు. ఆమె నవ్వు ఆపుకుని ఏడ్చేది. మనుషులు కన్నీళ్ళు నా కోసమే కారుస్తారని చాలాకాలం అనుకున్నాను.

కొత్త కెమెరాలు వచ్చాక నేను బీరువాలో చేరాను. ఒక వేసవి పొద్దున నన్ను అడుగుతూ పక్కింటి రుబీనా వచ్చింది. డిగ్రీ రెండో ఏడు పిల్ల. జూన్‌లో కాలేజీల మధ్య పాటల వీడియోల పోటీ ఉందట. పాట రాసింది మహిపాల్, పాడింది వైజయంతి. తీసి, ముక్కలు కూర్చడం రుబీనా వంతు. ముగ్గురూ ఒకే తరగతి.

"వారం దినాలు ఇయ్యరాదా కాకా? పానం లెక్క చూసుకుంట."

"కింద పడేస్తే నా పానం పోతది" అంటూనే లింబాద్రి బ్యాటరీ ఎక్కించి నన్ను ఆమె చేతిలో పెట్టాడు.

వాళ్ళు నన్ను తీసుకెళ్ళింది ఒక మునిగిన ఊరికి. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయిన ఊరు అది. ఆ ఏడు ఎండలకు జలాశయం బాగా తగ్గి పైకి తేలింది. వైజయంతి పుట్టింది అక్కడే. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు.

నేల పెంకులు పెంకులుగా పగిలి ఉంది. బడి గోడకు తెగిన వల ఒకటి వేలాడుతోంది. సగం కూలిన గోడలనిండా నత్తగుల్లలు. దూరాన మిగిలిన నీళ్ళ మీద ఎండ వణుకుతుంటే, ఊరు నిద్రలో లేచి కూర్చుని, తానెక్కడున్నదీ తెలియక చూస్తున్నట్టు ఉంది. ముందే రికార్డు చేసిన పాట చిన్న స్పీకర్లో మోగింది. "నీళ్ల దుప్పటి కప్పుకున్న ఊరా, ఒక్క పొద్దుకు లేచి రావే..." వైజయంతి దానికి పెదవులు కలుపుతూ వీధి వెంట నడిచింది. రుబీనా ఊపిరి బిగబట్టి, నన్ను పట్టుకుని వెనకే నడిచింది.

ఒక రాతి గడప ముందు వైజయంతి ఆగిపోయింది. పాట సాగుతూనే ఉంది, ఆమె పెదవులు కదలలేదు. తలుపులూ ద్వారబంధాలూ ఊరివాళ్ళు పోయేటప్పుడే పీక్కుపోయారు. అయినా ఆమె మునివేళ్ళ మీద లేచింది. కుడిచెయ్యి పైకి చాపి గాలిలో దేన్నో వెతికింది. చెయ్యి దించి, గడప మీద కూలబడి ఏడ్చింది. నా వైపు చూడనే లేదు. అప్పగింతల ఏడుపులా వంతులవారీగా రాలేదది.

కాసేపటికి తలెత్తి, "గిది పెట్టకుండ్రి" అంది. రుబీనా సరేనంది.

మర్నాటి నుంచి స్టూడియో వెనక గదిలో, నన్ను వైరుతో రుబీనా లాప్‌టాప్‌కి కలిపి, మధ్యాహ్నాలు ముగ్గురూ కూర్చున్నారు. ఏ ముక్క తర్వాత ఏది పెట్టాలన్నదానికి గంటలు పట్టేది. మహిపాల్ మాత్రం మళ్ళీ మళ్ళీ గడప దగ్గరికే పోయేవాడు.

"గిదే అసలు షాట్. గిది లేకుంటే పాటే లేదు. ఎందుకు తీసేస్తున్నవ్?"

"వద్దని చెప్పిన గదా" అంది వైజయంతి.

"పాట నాది."

"పాట నీదే. ఏడుపు నాది."

మహిపాల్ లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. పోటీకి నాలుగే రోజులున్నాయి.

రెండో రోజు రుబీనా ఆ ముక్కను చెరిపేయబోతుంటే వైజయంతి ఆపింది. "ఒక్కసారి చూపెట్టు." చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి తెర మీది తన పాదాలను వేలితో తాకింది.

"నాకప్పుడు మా ఇంటి గొళ్ళెం అందకపోయేది. గిట్లనే లేచి తీసేదాన్ని. ఇంత పెరిగినంక గూడ లేచిన చూడు." కళ్ళు తుడుచుకుంది. "నా మొఖం తీసెయ్ రుబీ. కాళ్ళు ఉంచు, చెయ్యి ఉంచు."

మూడో రోజు మహిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రుబీనా పాట నడిపించింది. లేచిన మడమలు, గాలిలో తడుముతున్న చెయ్యి. అంతే, తరువాత నీళ్ళు. అక్కడ వచ్చేవి అతను అన్నింటికన్నా ఇష్టపడి రాసుకున్న రెండు పంక్తులు.

"గొళ్ళెమా?" అని మెల్లగా అడిగాడు.

వైజయంతి తలూపింది.

అతను తెర దగ్గరికి వంగాడు. "గీడ నా మాటలెందుకు? ఆ రెండు లైన్లు తీసెయ్. గాలి సప్పుడు ఉంచు." ఆ తర్వాత వైజయంతి వైపు చూడలేక నా మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. నాకు దుమ్మేమీ లేదు.

పోటీలో బహుమతి రాలేదు. అందరూ పాడే చోట గాలి మోగడం ఏమిటని న్యాయనిర్ణేతలు అన్నారట.

కానీ ఆ ఊరివాళ్ళు ఇప్పుడుంటున్న కాలనీ నుంచి పాట చూపించమని కబురు వచ్చింది. నన్నూ వెంట తీసుకెళ్ళి, కమ్యూనిటీ హాల్లో తెల్లబట్ట కట్టి పాట వేశారు. ఇరవై సెకన్లు కూడా గడవకముందే వెనక నుంచి ఒకామె లేచింది. "ఆపు బిడ్డా! గదే మా గొడ్ల కొట్టం గోడ!" మహిపాల్ ఆపాడు. అందరూ చూశారు. మళ్ళీ మొదలుపెడితే ఇంకొకాయన, "జర వెనక్కి తిప్పు, మా బడి పోయింది" అన్నాడు. తెర మీది ఒక అరుగు ఎవరిదో తేల్చడానికి ఇద్దరన్నదమ్ములు కాసేపు పోట్లాడుకున్నారు. మూడున్నర నిమిషాల పాట పూర్తి కావడానికి గంటంబావు పట్టింది. వైజయంతి జనం మధ్య కింద కూర్చుని, "మహీ, ఆపు... మహీ, పోనియ్యి" అని అందిస్తూనే ఉంది. మహిపాల్ అన్నిసార్లూ ఆపాడు.

ఆ వానాకాలం నీళ్ళు మళ్ళీ నిండాయి. నా బ్యాటరీ ఉబ్బిపోయింది, కొత్తది దొరకడం లేదట. ఇప్పుడు లింబాద్రి స్టూడియోలో అద్దాల అరలో ఉంటున్నాను. ఫోటోలకు వచ్చినవాళ్ళు నా కటకంలో చూసుకుని జుట్టు సర్దుకుంటారు. నేను ఎవరినీ తీయను. ఊరికే చూస్తాను.