ఉప్పు చూసే మనిషి

నా యాభయ్యో పుట్టినరోజుకి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్దామన్నది మా ఆయనే. రెండు రోజులు, నాలుగు పూటలు, నాలుగు హోటళ్లు. "ఎక్కడ తినాలో అంతా నీ ఇష్టం. నీ పుట్టినరోజు కదా" అని ఫోన్ నా చేతిలో పెట్టారు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. స్టీరింగ్ ఎదుటివాళ్ల చేతికిచ్చి, రెండో బ్రేకు తన కాలి కింద ఉంచుకోవడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అంతే.

పోయినేడాది చలికాలంలో నాకు జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ రుచినీ వాసననీ వెంట తీసుకుపోయింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "అదే వస్తుందిలే" అని పేపరు తిప్పారు. మళ్లీ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. మొదట్లో మొహమాటం, తర్వాత పంతం. ఈ మనిషికి ఎప్పుడు గుర్తొస్తుందో చూద్దామని కూర్చున్నాను. పద్నాలుగు నెలలైంది.

నేను ఆసుపత్రి క్యాంటీన్లో పెద్ద వంటమనిషిని. నాలుక పనిచెయ్యడం లేదని పైవాళ్లకి తెలిస్తే మర్నాటికల్లా గరిటె ఇంకొకరి చేతిలో ఉంటుంది. అందుకే నా కింద కూరగాయలు తరిగే ఆవిడ ఉప్పు చూస్తుంది. చెంచాడు చప్పరించి, సరిపోతే తలూపుతుంది, లేకపోతే ఇంకెంత వెయ్యాలో వేళ్లతో చూపిస్తుంది. ముక్కలు పెద్దవని రోజూ ఆవిణ్ణి తిడుతూనే ఉంటాను. ఆవిడ మాత్రం ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు జారలేదు.

ఇంట్లో ఆ మాత్రం దిక్కు కూడా లేదు. ఉప్పూ కారమూ చెంచాలతో కొలిచి వేస్తాను. "ఈ మధ్య నీ వంట భలే కుదురుతోంది" అన్నారు మా ఆయన ఓ రోజు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ ఏడ్చాను.

హోటళ్ల సంగతి చెబితే తరిగే ఆవిడ కత్తి ఆపి ఆలోచించింది. "గాలి బాగా తగిలే చోటు చూసుకో అక్కా. కరకరలాడేవి అడుగు. పొగలు కక్కేది ఒకటి, చల్లటిది ఒకటి తెప్పించుకో. అవైతే నీకు తెలుస్తాయి కదా" అంది. మా ఇంట్లో మా ఆయన ఉన్నారు, ఆయనకి ఈ ఆలోచన రాలేదు.

వెతికి వెతికి ఒకటి పట్టాను. ఇసుకలోనే బల్లలు వేసిన చిన్న హోటలు. అలల తుంపర బల్ల దాకా వస్తుందని ఎవరో రాశారు. మా అమ్మాయి ఫోన్ అందుకుని కింద రాసినవన్నీ చదివింది.

"అమ్మా, ఇక్కడ తిండి చప్పగా ఉంటుందట. గాలి తినడానికా అంత దూరం వెళ్లేది?"

"గాలికే" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. అప్పుడైనా అడుగుతారని చూశాను. "నీకేం తెలీదు, నేను చూస్తాలే" అని మా ఆయన ఫోన్ తీసుకున్నారు. నాలుగు పూటలూ ఆయనే ఖాయం చేశారు.

పుట్టినరోజు మధ్యాహ్నం భోజనం పన్నెండో అంతస్తులో. చుట్టూ మూసిన అద్దాలు, ఏసీ. సముద్రం కింద ఎక్కడో నీలం గుడ్డ పరిచినట్టు ఉంది, చప్పుడే లేదు. నేను తిన్నాకే తాము తింటామని, ముందు నాకే వడ్డించమన్నారు ఆయన. చేపల కూర. మెత్తగా, గోరువెచ్చగా ఉంది. నోట్లో తడిసిన దూది పెట్టుకున్నట్టుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"నీ రుచి నాకు తెలియదా? ఇరవయ్యారేళ్ల కాపురం" అన్నారు, గర్వంగా.

నేను పళ్లెం ఖాళీ చేశాక వాళ్లిద్దరూ మొదలుపెట్టారు. మా అమ్మాయి మొదటి ముద్ద కాగితంలో ఉమ్మేసి గటగటా నీళ్లు తాగింది. ఆయన మొహం వికారంగా అయిపోయింది.

"ఉప్పు కషాయం. రెండుసార్లు వేసినట్టున్నారు. ఎలా తిన్నావే నువ్వు?"

"పోయినేడాది చెప్పాను కదండీ" అన్నాను.

కాసేపు ఆలోచించారు. ఆలోచించవలసి వచ్చింది. మా అమ్మాయి ఆయన వైపూ నా వైపూ చూసింది. తనకి ఎవరూ చెప్పనే లేదు. నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాదే.

"అదా... అది ఇంకా తగ్గలేదా?" అన్నారు.

ఆయన వెయిటర్ని పిలిచి గట్టిగా కేకలేశారు, పుట్టినరోజు పాడుచేశారని. వాళ్లు క్షమించమని పరుగున వేరే కూర తెచ్చారు. ఆయనే లేచి నా పళ్లెంలో వడ్డించి, కూర్చుని, నా మొహంలోకి చూశారు.

"ఇప్పుడు తిని చెప్పు, ఉప్పు సరిపోయిందా?"