ఒకరు చదవగా, ఒకరు చూడగా

మార్చి పదకొండు, ఔను, ఆ మధ్యాహ్నం గుడ్డూ రొట్టే, సగం రొట్టె పెద్దాయన చేతిలో ఉండగానే లెక్కల అధికారి మెట్లు దిగి వచ్చాడు, లాయర్ల కంపెనీలో కింది అంతస్తుకి అలాంటివాళ్లు ఊరికే దిగరు, కోర్టు కేసులకి కాగితాలు నకలు తీసి తప్పులు సరిచూసే మీ విభాగానికి ఖర్చే గానీ రాబడి లేదండీ, ఏడాదిలోగా తన కూడు తాను సంపాదించుకోకపోతే మూసేస్తాం అన్నాడు, అయినా ఒక్క కాగితానికి ఇద్దరెందుకండీ, ఒకరు చదవడం, ఒకరు చూడడం, ఇదేమన్నా బడా అని నవ్వాడు, పెద్దాయనా నవ్వాడు, మిగతా రొట్టె కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాడు, ఇద్దరు కూర్చునే ఆ అలవాటు పెట్టింది ఆయన భార్య, పెళ్లికి ముందు ఎదురు కుర్చీలో కూర్చుని అసలు కాగితం పైకి చదివేది, ఆయన నకలు చూసుకునేవాడు, కన్ను దాటేసింది చెవి పట్టుకుంటుందండీ అనేది, పెళ్లయ్యాక అండీ పోయింది, చెవి పట్టుకోవడం మిగిలింది, ఆవిడ కన్నుమూశాక ఆ కుర్చీలోకొచ్చిన అమ్మాయిది బొంగురు గొంతు, కానీ పేజీ చివర కాస్త ఆగడం, ఆవిడ ఉన్న రోజుల్లోనే పక్కన కూర్చుని, ఆవిడ దగ్గరే నేర్చుకుంది, ఈ గది మూస్తే ఆ ఆగడం కూడా పోతుంది, ఇంట్లో ఎటూ నిశ్శబ్దమే.

అడగందే అమ్మయినా పెట్టదు బాబాయ్, మనం ఇన్నేళ్లూ అడగనే లేదు అంది ఆ అమ్మాయి, నిజమే, చదివిన గంటలన్నీ లాయర్లకి సాయం కింద వదిలేసేవాళ్లు, మొదటిసారి బిల్లులో విభాగం పేరు వేరుగా రాస్తుంటే చుట్టాన్ని అన్నానికి డబ్బులడిగినట్టు సిగ్గేసింది, క్లయింట్లు గొణుగుతారనుకుంటే మందుల కంపెనీ ఆవిడ ఫోన్ చేసి, ఆ ఇద్దరు చదివే పద్ధతి మా కేసులన్నిటికీ పెట్టండి అంది, ఆ తర్వాత వీధి చివరి చిన్న లాయర్లు, ఇలాంటి గది లేనివాళ్లు, ఈ కంపెనీ లాయర్లు అవతలి పక్షాన లేని కేసుల పెట్టెలు మోసుకొచ్చారు, ఎంత మంచివాళ్లో, వానకి తడవకుండా పెట్టెల మీద తమ కోట్లు కప్పి మరీ తెచ్చారు.

ఏడాది గడువు తీరకముందే, ఈ సాయంత్రం, లెక్కల అధికారి మళ్లీ దిగాడు, వెనకాల రెండు కొత్త కుర్చీలు, ఇంకో జంటని చూసుకోండి, బడి పెద్దదవుతోందిగా అన్నాడు చూపు తప్పించి, పెద్దాయనకి అతని మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది, ఆ రోజు అతను దిగకపోతే అడగడమే తెలిసేది కాదు, కొత్త కుర్చీల్లో ఎవరో కూర్చుంటారు, ఈ అమ్మాయి దగ్గర వాళ్లూ ఆగడం నేర్చుకుంటారు, ఇంతకాలం తనకి ఎవరో ఒకరు చదివి వినిపిస్తూనే ఉన్నారు, చెవులకి ఏనాడూ కరువు రాలేదు, పదండి బాబాయ్, మిగతాది రేపు అంటూ ఆ అమ్మాయి దీపాలార్పి, పేజీ చివర ఆగినట్టే గుమ్మంలో కాస్త ఆగి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.