రుచిత బిడ్డ గుండె

కడుపులోని బిడ్డ గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే నాళం ఇరుకుగా ఉందని బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరమ్మ రుచితకు చెప్పింది. రెండో నెలలో, గుండె రూపు కట్టే రోజుల్లో, తల్లికి సోకిన రూబెల్లా అనే దద్దుర్ల జ్వరం వల్ల ఇలా జరిగి ఉండవచ్చంది.

ఫ్లాట్‌కు రాగానే భర్త అనుదీప్ వంటగదిలోనే ఆమె చెంప పగలగొట్టాడు.

“జరమొచ్చిన పిల్లలున్న ఇంటికి పార్టీకెందుకు వోయినవ్? నా బిడ్డను నువ్వే ఖరాబు చేసినవ్.”

“దద్దుర్లు లేచిననాడే జీపీ డాక్టర్‌కు చూపియ్యమన్న. వేడి చేసిందని ఇంట్ల పండవెట్టింది నువ్వే,” అంది రుచిత.

అతడు జుట్టు పట్టి ఆమె తలను గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. అతని కాలు తన కడుపు మీదికి లేవడం చూసి, ఆమె పొయ్యి మీది ఇనుప పెనం అందుకుని మోకాలి మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. అతడు నేల మీద అరుస్తుండగా ఆమే పోలీసులకు ఫోన్ చేసింది.

పాప నెలలు నిండాకే పుట్టింది. ఆరో వారంలో డాక్టర్లు ఆ నాళాన్ని వెడల్పు చేశారు. పోలీసు కేసుతో ఇంటికి దూరమైన అనుదీప్ పాపను చూడనివ్వమని కబురు పంపితే, రుచిత దాన్ని పక్కన పెట్టి పాపకు పాలు పట్టింది.