తిరగేసిన బండ

పట్టాభిరామయ్య శెట్టిగారు నాకు గురువారం మధ్యాహ్నం పన్నెండింటి దాకా గడువిచ్చాడు. మాచవరం దగ్గర మా ఊళ్లో ఆయనకు ఆరు కొట్ల వరస ఉంది. మొదటిది ఆయన సొంత కొట్టు, చివరి గది నాది. రెండు కుట్టు మిషన్లు, నిలువుటద్దం, పెళ్లిళ్ల జాకెట్ల మూట, అంతే నా సామ్రాజ్యం. పదిహేడో ఏట కోటేశ్వర్‌గా ఊరొదిలి నరసరావుపేట పోయాను. ఇరవై ఎనిమిదో ఏట కోటేశ్వరిగా తిరిగొచ్చి ఈ గది అద్దెకు తీసుకున్నాను. నా కత్తెరను మెచ్చుకున్న ఆడవాళ్లంతా, సోమవారం ఆయన గది ఖాళీ చేయమన్నప్పుడు మాత్రం చల్లగా జారుకున్నారు.

"మన ఊరు పుట్టినకాడ్నుంచి ఇట్టాంటోళ్లు ఉన్నారా? ఇదంతా ఫోన్లొచ్చాక పట్టిన పిచ్చి. పిల్లలు చూసి నేర్చుకుంటారు," అన్నాడాయన పదిమంది ముందు.

నా నోరు ఊరుకోదు కదా. "ఉంటే ఏం జేస్తారు?" అన్నాను.

"ఒక్కళ్లని చూపియ్. గది నీదే. చూపియ్యలేకపోతే గురువారం పన్నెండింటికి మిషన్లు ఎత్తుకో."

పాలకేంద్రం దేవదాసు బాబాయి పక్కనే ఉన్నాడు. "మాటంటే మాటే శెట్టిగారూ," అన్నాడు. అది నాకు సాయమో, ఎగతాళో అప్పుడు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి కోపం దిగిపోయి భయం మిగిలింది. పెద్ద పోటుగత్తెలా సవాలు విసిరాను గానీ, నా దగ్గరున్నది చచ్చిపోయిన మా నాయనమ్మ కాంతమ్మ చెప్పిన నాలుగు ముక్కలు. ఆమె చిన్నతనంలో ఊళ్లో గోవిందమ్మ అని ఉండేదట. మగపిల్లాడిగా పుట్టి, చీర కట్టి, ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగేదట. ఇప్పుడు కాగితాల్లో ట్రాన్స్‌జెండర్ అని రాస్తున్నారు గానీ, అప్పుడు పేడి అనేవాళ్లట. పశువుల నీళ్ల తొట్టి కట్టించి దాని మీద పేరు చెక్కించుకుందట. తర్వాత ఏమైందో నాయనమ్మకే తెలియదు. నాకు ఊహ తెలిసేనాటికే పాచి పట్టి ఆ పేరు కనబడేది కాదు. ఆ తొట్టిని పన్నెండేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు పగలగొట్టారు. బండలు ఎవరికి దొరికినవి వాళ్లు పట్టుకుపోయారు.

ఊళ్లో బండలు పరిచేది మా నాయన యల్లమంద ఒక్కడే. బుధవారం పొద్దున ఆయన చద్దన్నం ముందు కూర్చోగానే అడిగాను.

"అక్షరాలున్న బండ ఉండేదే," అన్నాడు. "శెట్టిగారి కొట్టు ముందు మెట్టుగా ఏసింది అదే."

"రోజూ చూస్తన్నాగా. అక్షరాలేయి?"

"అక్షరం తొక్కకూడదుగా. తిరగేసి ఏశా. అక్షరాలున్న ఏ బండైనా అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. సరస్వతికి కాలు తగలకూడదని మా నాయనలాంటి పనివాళ్లు ఎన్ని పేర్లను బోర్లా పడుకోబెట్టారో! ఆ భక్తికి దండం పెట్టాలో, తల బాదుకోవాలో తెలియలేదు.

"ఏం రాసుందో గుర్తుందా?"

"నాకేడ చదువొచ్చు?"

అమ్మ కొండమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ఏమే, సిమెంట్లో పడుకున్న అచ్చరాలు ఇంకా ఉంటయ్యా? ఇద్దరూ కలిసి నవ్వులపాలవుతారు."

"సిమెంటెయ్యలా," అన్నాడు నాయన. "అక్షరం మీద ఎయ్యబుద్ధి కాక కింద ఇసకే పోశా."

ఆ రోజంతా ఒక్క జాకెట్టు తిన్నగా కుట్టలేదు. ఎవరిదో మెడ ఎక్కువ కత్తిరించాను. బండ మీద వేరే పేరుంటే? పేరుండి, పేడి అన్న మాట లేకపోతే? ఊళ్లో గోవిందమ్మలకు కొదవా? ఆ మాట కోసం నేను దేవుడికి మొక్కుకున్నాను. అదే మాటతో బడిలో నన్ను ఏడిపించారు.

గురువారం పదిన్నరకు నాయన గునపం భుజాన వేసుకుని శెట్టిగారి కొట్టు దగ్గరికి వచ్చి, మెట్టు కింద సాక్ష్యం ఉందన్నాడు. శెట్టిగారు నవ్వాడు. "లేపు. ఏం లేకపోతే నువ్వే మళ్లీ ఎయ్యాల. కూలీ గీలీ అడగమాక."

జనం పోగయ్యారు. గునపం సందులోకి దిగింది. బండ కదల్లేదు. రెండోసారి మూల కొంచెం పెచ్చు లేచింది. ఆ పెచ్చులోనే పేరు పోతే? దేవదాసు బాబాయి వచ్చి ఒక చెయ్యి వేశాడు. పదకొండున్నర దాటాక బండ లేచి పక్కకు ఒరిగింది. కింద తడి ఇసుక, జెర్రులు. బండకు అంటిన మట్టిని నా పైటచెంగుతోనే తుడిచాను. అక్షరాలున్నాయి. మట్టి నిండిన పాత రాత, నాకు ఒక్కటీ కుదురుగా కనిపించలేదు.

శెట్టిగారి భార్య హైమావతమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగింది. నెమ్మదిగా చదివింది.

"పేడి గోవిందమ్మ... వూరు విడిచి పోవుచు... తన కష్టార్జితముతో... పశువులకు కట్టించిన నీళ్లతొట్టి. 1936."

నాకు ఏడుపొచ్చింది. ఉంది. నాకన్నా తొంభై ఏళ్ల ముందు ఈ వీధుల్లోనే తిరిగింది. పేరుతో సహా ఉంది.

"మళ్లీ చదువు," అన్నాడు శెట్టిగారు. ఆమె మళ్లీ చదివింది.

"విన్నారుగా," అన్నాడాయన జనంతో. "ఊరు విడిచి పోయిందంట. ఆ కాలం పెద్దోళ్లు పంపించే ఉంటారు. ఉన్నారని నేనొప్పుకుంటా. పోయారని మీరొప్పుకోండి."

నేను అంత కష్టపడి తవ్వించిన సాక్ష్యం నన్నే పొమ్మంటోంది. మిషన్లు ఎత్తడానికి ఆటోకి ఎవరిని పిలవాలా అని కూడా అనుకున్నాను.

నాయన గునపం కింద పెట్టలేదు.

"శెట్టిగారూ, పొమ్మంటే ఆమె పోయింది. పోతా పోతా తిట్టిపోలా, గొడ్లకి నీళ్లిచ్చిపోయింది. మీ ఇంటి బర్రెలు ఆ తొట్టి నీళ్లే తాగినయ్. ఆ పాలు తాగే మీరు పెరిగారు, మా అమ్మ చెప్పేది. మా పిల్లనీ పొమ్మంటారా? మీ నోటితో అనండి, ఈ బండ ముందర."

శెట్టిగారు బండ వైపు చూశాడు. హైమావతమ్మ ఆయన వైపు చూసింది. దేవదాసు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ముందు ఆ గుంట పూడ్చండయ్యా, బేరాలొస్తయ్," అని శెట్టిగారు లోపలికి పోయాడు.

గుంటలో వేరే బండ వేశాక, గోవిందమ్మ బండను ఏం చేయమంటావని నాయన అడిగాడు. తిరగేయొద్దన్నాను. ఇద్దరం మోసుకెళ్లి నా గది గోడకు నిలబెట్టాం.

వూరు విడిచి పోవుచు అన్న ముక్క గుమ్మం పక్కనే, రోజూ నా కంటబడేలా ఉంది. శెట్టిగారు ఉండమని అనలేదు, పొమ్మనీ అనలేదు. నాకు భయం పోలేదు. మెడ ఎక్కువ కత్తిరించిన జాకెట్టు తాలూకు ఆవిడ సాయంత్రం వస్తానంది. తాళం తీసి లోపలికెళ్లి, ఆ జాకెట్టుకు అతుకు వేయడం మొదలుపెట్టాను.